పావుమైలు పందెం: ఇంజను ఎంపిక కథ

ఒక కారు వారంలో ఆరు రోజులు యజమానిని పనికి తీసుకొనిపోవాలి. చౌరస్తాలో ఆగినప్పుడు ఇంజను ఆరిపోకూడదు. వేసవిలో నీళ్లు మరగకూడదు. పెట్రోలు ఖర్చు జీతానికి మించకూడదు. ఏడవ రోజున అదే కారు నిలుచున్న చోటినుంచి బయలుదేరి 1,320 అడుగుల దూరాన్ని, అనగా పావుమైలును, పక్కన నిలిచిన కారుకంటె ముందుగా దాటాలి. ఈ రెండు పనులూ చేయగల ఇంజను ఏది? అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పాత కార్లను కొని, సొంత కొట్టంలో విప్పి, తమ చేతులతో తిరిగి కట్టుకునేవారు ముప్పావు శతాబ్దంగా ఈ ప్రశ్నతో కుస్తీ పడుతున్నారు. ఈ కాలంలో వారి సమాధానం మారుతూ వచ్చింది. ఐతే మారిన ప్రతిసారీ వారి మన్నన పొందినది ఆనాటి ఇంజనులన్నిటిలో బలమైనది కాదు. ఈ వింతకు కారణం కొంత భౌతికశాస్త్రంలోను, కొంత పాత ఇనుప సామాను దుకాణాలలోను ఉన్నది.

కథ ఎండిన సరస్సులలో మొదలవుతుంది. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో మ్యూరాక్ అనే చోట నీరు ఇంకిపోగా మిగిలిన గట్టి బంకమట్టి నేల మైళ్లకొద్దీ బల్లపరుపుగా పరచుకొని ఉంటుంది. 1930 ప్రాంతాలలో లాస్ ఏంజిలిస్ యువకులు మడ్‌గార్డులు, దీపాలు, ముందరి అద్దం ఊడదీసిన ఫోర్డు కార్లను అక్కడికి తోలుకొనిపోయి తమ వేగాన్ని కొలుచుకొనేవారు. 1937లో వారి క్లబ్బులు కొన్ని కలిసి దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడినవి. (తరువాత ఆ నేల సైన్యం వశమైంది, నేటి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం అక్కడే ఉన్నది.) మొదట్లో ఈ కుర్రవాళ్ల కార్లలో ఉన్నది ఫోర్డు మోడల్ ఏ కారుకు చెందిన నాలుగు సిలిండర్ల ఇంజను. దాని శక్తి 40 అశ్వశక్తులు మాత్రమే. దానినే సానపట్టి, సంపీడనం పెంచి, రెండు కార్బురేటర్లు తగిలించి నడిపేవారు.

1932 మార్చి నెలాఖరున హెన్రీ ఫోర్డు ఒక కొత్త ఇంజనును ప్రజలముందుంచాడు. వి అక్షరం ఆకారంలో రెండు వరుసలుగా అమర్చిన ఎనిమిది సిలిండర్లు. ఘనపరిమాణం 221 ఘనపు అంగుళాలు. శక్తి 65 అశ్వశక్తులు. ఎనిమిది సిలిండర్ల ఇంజనులు అంతకుముందు లేకపోలేదు. కాని అవి ధనికుల కార్లలోనే ఉండేవి, వాటిలో చాలవరకు సిలిండర్ల దిమ్మలను విడివిడిగా పోతపోసి మరలతో బిగించేవారు. ఫోర్డు ఆ దిమ్మలన్నిటినీ ఒకే పోతగా, చౌకగా, లక్షలసంఖ్యలో పోయించాడు. ఈ ఇంజను రూపకల్పన ఫోర్డు తన మ్యూజియం గ్రామానికి తరలించి నిలబెట్టించిన ఎడిసన్ పాత ప్రయోగశాల భవనంలో, పరుల కంటబడకుండా జరిగింది. ఈ ఇంజను పెట్టిన రోడ్‌స్టరు కారు ధర 460 డాలర్లు. కొత్త కారు కొనలేనివారికి ఆ ధర కూడ ఎక్కువే. ఐనా ప్రమాదాలలో దెబ్బతిన్న కార్ల ఇంజనులు కొద్ది సంవత్సరాలలోనే పాతసామాను దుకాణాలకు రాసాగినవి. కుర్రవాళ్లు ఎదురుచూచినది దానికోసమే.

ఈ ఇంజనుకు వారు పెట్టిన పేరు ఫ్లాట్‌హెడ్, అనగా చదునుతల. కవాటాలు, అంటే వాల్వులు, సిలిండరు పైన కాక పక్కన దిమ్మలోనే ఉండేవి; పైమూత ఒట్టి చదునైన పలక. చేయటానికి ఇంత సులభమైన ఏర్పాటు మరొకటి లేదు. కాని గాలికి అది వంకరదారి. పెట్రోలు ఆవిరి కలిసిన గాలి దిమ్మ అడుగునుంచి పైకివచ్చి, కవాటం దాటి, పక్కకు మళ్లి, మళ్లీ క్రిందికి సిలిండరులోకి దిగాలి. కాలిన వాయువుల సంగతి ఇంకా కష్టం. అవి లోపలివైపున ఉన్న కవాటాలనుండి బయలుదేరి, సిలిండర్ల మధ్యగా, చల్లబరచే నీటిని తాకుతూ దిమ్మనంతా దాటి వెలుపలివైపుకు రావాలి. అందులోను ఒక్కొక్క వరుసలో మధ్యనున్న రెండు సిలిండర్లకు బయటిద్వారం ఒక్కటే. పొయ్యిసెగను ఇంటి మధ్యనుంచి నడిపించి వీధిలోకి వదిలినట్లుండే ఈ ఏర్పాటువల్ల నీరు మరిగిపోవటం ఆ ఇంజనుకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఐనా ఇరవై ఏళ్లపాటు దానినే ఎంచుకొన్నారు. కారణం, దానిని మార్చటం అలవాటైంది. సిలిండరు వ్యాసాన్ని కాస్త తొలిచి, మెర్క్యురీ కారు క్రాంకుషాఫ్టును వేస్తే పిస్టను నడిచే దూరం, అనగా స్ట్రోకు, 4 అంగుళాలయ్యేది. 3 5/16 అంగుళాల వ్యాసంతో అది 276 ఘనపు అంగుళాల ఇంజను అయ్యేది. విక్ ఎడెల్‌బ్రాక్ అనే లాస్ ఏంజిలిస్ మెకానిక్కు 1938లో రెండు కార్బురేటర్ల అమరికను తయారుచేశాడు. అతనివలెనే మరికొందరు కామ్‌షాఫ్టులు, అల్యూమినియం మూతలు, మాగ్నెటోలు చేసి అమ్మసాగారు. ఒక ఇంజనుకు విడిభాగాలమ్మే పది దుకాణాలుంటే, అంతకన్న మంచి ఇంజనుకు ఒక్క దుకాణమూ లేకపోతే, చేతిలో డబ్బు తక్కువైనవాడు దేనిని ఎంచుకొంటాడో చెప్పనక్కరలేదు.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసి సైనికులు తిరిగివచ్చిన తరువాత పరిస్థితి విషమించింది. వారిలో చాలమంది యుద్ధంలో విమానాల, ట్యాంకుల ఇంజనులు విప్పి బిగించినవారు. చేతిలో కొంత సొమ్మున్నది. ఎడారికి పోయేందుకు తీరిక లేదు. దాంతో పందేలు ఊరి వీధులలోకి, ముఖ్యంగా రాత్రివేళ ఖాళీగా ఉండే రహదార్లమీదికి వచ్చినవి. ఎర్రదీపం పచ్చదీపంగా మారగానే రెండు కార్లు ఉరికేవి. ఎదురుగా వచ్చేవారికి, దారిదాటేవారికి, ఆ కార్లలో కూర్చున్నవారికి అది ప్రాణాలతో చెలగాటం. పత్రికలు ఈ కుర్రవాళ్లను ఊరి బెడదగా వర్ణించినవి. పోలీసుల దాడులు ఎక్కువైనవి.

మార్గాంతరం విమానాశ్రయాలలో దొరికింది. 1950లో లాస్ ఏంజిలిస్‌కు దక్షిణాన శాంటా ఆనా విమానాశ్రయంలో వాడని రన్‌వే మీద సి. జె. హార్ట్ మొదలైనవారు ప్రతి ఆదివారమూ పందేలు నడపటం ప్రారంభించారు. రుసుము తీసుకొని క్రమంగా నడిపిన మొదటి డ్రాగ్ పందెపు మైదానం ఇదేనంటారు. 1951లో హాట్ రాడ్ పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ జాతీయ హాట్ రాడ్ సంఘాన్ని స్థాపించాడు. 1953లో ఆ సంఘం పోమోనాలో తన మొదటి పందెం జరిపింది. మరుసటి ఏడు నలుగురు మనుషులు ఒక స్టేషన్ వాగనులో గడియారాలు, తీగలు, తూకపు సామగ్రి వేసుకొని దేశమంతా తిరిగి, ప్రమాదం లేకుండా పందెం ఎలా నడపాలో ఊరూరా నేర్పారు. పందెగాళ్లను వీధులనుండి తప్పించటమే ఈ ప్రయత్నం సారాంశం. వీధిపందెం పూర్తిగా నశించిందని చెప్పటానికి నేటికీ వీలులేదు కాని, పోవటానికి మరొక చోటు ఏర్పడింది.

ఎడారిలో పందెం అంటే మైళ్లకొద్దీ పరిగెత్తి చేరగల గరిష్ఠవేగం. పావుమైలు పందెం అలాటిది కాదు. ఇక్కడ కొలిచేది నిలుకడనుండి దూరం దాటే కాలం. ఈ ఒక్క మార్పు ఇంజను ఎంపికను తలక్రిందులు చేసింది. ఇందులో ఒక చిన్న లెక్క ఉన్నది. చదువరులు దానిని దాటిపోక కొంచెం ఓపికతో చూడటం మంచిది, మిగిలిన కథకు తాళంచెవి అదే.

ఇంజను శక్తి అంతా కారు గతిశక్తిగా మారుతున్నదనుకొందాం. గతిశక్తి వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. దీనినిబట్టి లెక్కకడితే, ఒక నిర్ణీత దూరాన్ని దాటటానికి పట్టే కాలం, కారు బరువును అశ్వశక్తితో భాగించగా వచ్చే లబ్ధం యొక్క ఘనమూలాన్ని బట్టి మారుతుందని తేలుతుంది. గాలి నిరోధం, చక్రాలు జారటం, గేరు మార్చటంలో పోయే క్షణాలు ఇవన్నీ కలుపుకొని, మైదానాలలో వేలకొద్దీ పరుగులను గమనించినవారు ఒక గుణకాన్ని స్థిరపరిచారు. దాని ప్రకారం 3,000 పౌనుల కారులో 150 అశ్వశక్తుల ఇంజను ఉంటే పావుమైలుకు సుమారు 15.8 సెకన్లు పడుతుంది. 300 అశ్వశక్తులైతే సుమారు 12.5 సెకన్లు. 600 ఐతే సుమారు 10 సెకన్లు. మొదటిసారి శక్తిని రెట్టింపు చేసినప్పుడు మూడు సెకన్లకు పైగా లాభం. రెండవసారి రెట్టింపు చేస్తే రెండున్నర సెకన్లే. కాలాన్ని సగానికి దించాలంటే శక్తిని ఎనిమిది రెట్లు చేయాలి! మరొక సంగతి: 300 అశ్వశక్తుల కారులో 300 పౌనుల బరువు తీసివేస్తే కలిగే ఫలితం, బరువును అట్లాగే ఉంచి 33 అశ్వశక్తులు కలిపినప్పటి ఫలితానికి సమానం. బరువు తగ్గించటానికి రంపమూ పానాలూ చాలు. శక్తి పెంచటానికి డబ్బు కావాలి.

పైగా కారు బయలుదేరే క్షణంలో వేగాన్ని నిర్ణయించేది ఇంజనే కాదు. వెనుకచక్రాల టైర్లు నేలను ఎంత గట్టిగా పట్టగలవో అంతకుమించిన బలం పొగగా, రబ్బరు వాసనగా పోతుంది. ముందుభాగంలో బరువైన ఇంజనును కూర్చోబెడితే వెనుకచక్రాలమీద పడే పాలు తగ్గుతుంది. కనుక ఇంజను బరువు రెండు విధాల నష్టం.

ఈ లెక్కను మనస్సులో ఉంచుకొని 1950 ప్రాంతపు బజారును చూడాలి. జనరల్ మోటార్సు పరిశోధనశాల అధిపతి చార్లెస్ కెట్టరింగ్ 1947లోనే సంపీడన నిష్పత్తిని బాగా పెంచితే అదే పెట్రోలుతో ఎక్కువ పని చేయించుకోవచ్చునని ప్రయోగాత్మకమైన ఇంజనుతో నిరూపించాడు. 1949లో ఆ సంస్థవారి కాడిలాక్, ఓల్డ్స్‌మొబిల్ కార్లలో కవాటాలు సిలిండరు తలమీదికి వచ్చిన వి-8 ఇంజనులు వెలువడినవి. కాడిలాక్ 331 ఘనపు అంగుళాలకు 160 అశ్వశక్తులిచ్చింది. చదునుతల ఇంజనుకు చావుగంట మోగింది. దానికి ఆయువు పోయటానికి చేసిన ప్రయత్నాలలో అందమైనది రష్యనుల సంతతివాడైన ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్ చేసిన ఆర్డన్ తల. ఫోర్డు దిమ్మమీద అమర్చేందుకు, అర్ధగోళాకారపు దహనకోష్ఠాలతో, కవాటాలు పైనే ఉండేటట్లు ఆయన దానిని రూపొందించాడు. మొదటి ఉద్దేశం లారీల ఇంజనులు వేడెక్కకుండా చూడటం. కాని పందెగాళ్లు దానిని లాక్కొన్నారు. ఖరీదు మాత్రం అందరికీ అందేది కాదు.

1951లో క్రైస్లర్ సంస్థ ఆ అర్ధగోళ పద్ధతినే కర్మాగారంలో తయారుచేసి ఫైర్‌పవర్ అనే పేరుతో అమ్మింది. 331 ఘనపు అంగుళాలు, 180 అశ్వశక్తులు. హెమి అని ప్రజలు పిలుచుకొనేది దీనినే. దహనకోష్ఠం సగం బంతివలె ఉంటే, లోపలికి వచ్చే కవాటం ఒక ప్రక్కన, బయటికి పోయే కవాటం ఎదురుప్రక్కన, రెండూ పెద్దవిగా అమర్చవచ్చు. గాలి ఒకవైపునుంచి వచ్చి మరొకవైపుకు తిన్నగా పోతుంది. ఊపిరి పీల్చటంలో దానికి సాటి లేదు. కాని రెండు వరుసల కవాటాలను రెండు దిక్కులకు వంచి నడపాలంటే ఒక్కొక్క తలకు రెండేసి ఇరుసులు, పొడవు పొట్టి మీటలు, వెడల్పైన బరువైన పోత కావాలి. తయారీకి ఖర్చు, మోయటానికి బరువు.

పందెం తప్ప మరేపనీ లేని కారుకు ఇవేవీ అడ్డు కాలేదు. వారు హెమినే పట్టుకొన్నారు. దానిపైన గాలిని బలవంతంగా లోపలికి నెట్టే పంపును, అనగా సూపర్‌చార్జరును, బిగించారు. ఆ పంపు పుట్టుక తమాషా ఐనది: జనరల్ మోటార్సువారి బస్సుల, లారీల డీజిలు ఇంజనులకు ఉండే పంపు అది. సిలిండరుకు 71 ఘనపు అంగుళాల చొప్పున ఆరు సిలిండర్ల ఇంజనుది కనుక 6-71 అని దాని పేరు. బస్సు పంపు, ధనికుల కారు ఇంజను, నైట్రోమీథేను ఇంధనం ఈ మూడూ కలిసి ఏం చేసినవంటే, 1964 ఆగస్టులో న్యూజెర్సీలో డాన్ గార్లిట్స్ పావుమైలు చివర గంటకు 201 మైళ్ల వేగాన్ని అందుకొన్నాడు. నేటి అత్యున్నత తరగతి పందెపు కార్ల ఇంజనులు కూడ హెమి వంశంలోనివే. వాటి ధాటికి మైదానాలే చాలక, ఒక డ్రైవరు మరణించిన తరువాత 2008లో ఆ తరగతికి పందెపు దూరాన్ని 1,000 అడుగులకు తగ్గించవలసివచ్చింది. సోమవారం పనికి పోవలసిన కారుకు ఈ దారి దారి కాదు.

అటువంటి కారుకు తగిన ఇంజను 1955 మాడలు షెవర్లే కార్లలో వచ్చింది. దాని వెనుకనున్న ఎడ్వర్డ్ కోల్ అంతకుముందు కాడిలాక్ ఇంజనుకు పనిచేసినవాడే. 1952లో షెవర్లే ప్రధాన ఇంజనీరు ఐనాడు. కోల్ బృందం ముందున్న షరతు వేగం కాదు, ధర. అమెరికాలో అతిచౌక కార్లలో ఒకదానిలో పెట్టదగిన వి-8 కావాలి. చౌకకోసం చేసిన పనులే పందేనికి వరాలైనవి. కవాటాలను నొక్కే మీటలకు బరువైన పోతలు, వాటికొక ఇరుసు ఉండటం మామూలు. ఇక్కడ ఒక్కొక్క మీటనూ ఉక్కురేకునుంచి అచ్చుకొట్టి, ఒక చిన్న గుండుమీద విడిగా ఆడేటట్లు కూర్చారు. పాంటియాక్ విభాగంలో పుట్టిన ఆలోచన ఇది. రేకుమీట చవక, తేలిక కూడ. తేలికైన మీట ఎక్కువ చుట్లలో కూడ అదుపు తప్పదు. మీటలకు నూనె పోయటానికి వేరే గొట్టాలు లేవు. కవాటాలను తోసే కడ్డీలనే బోలుగా చేసి వాటిగుండా నూనె పంపారు. కుడి తల, ఎడమ తల అని రెండు రకాలు లేవు; ఒకటే పోత రెండువైపులా సరిపోతుంది. దిమ్మ గోడలు పలుచన. ఇన్ని పొదుపుల ఫలితంగా ఎనిమిది సిలిండర్ల ఈ ఇంజను అదే సంస్థవారి ఆరు సిలిండర్ల పాత ఇంజనుకంటె సుమారు 40 పౌనులు తక్కువ తూగింది!

రెండు ఇంజనుల కొలతలను పక్కపక్కన పెడితే ఒక చమత్కారం కనిపిస్తుంది. 1932 ఫోర్డులో సిలిండరు వ్యాసం 3.06 అంగుళాలు, స్ట్రోకు 3.75 అంగుళాలు. 1955 షెవర్లేలో వ్యాసం 3.75, స్ట్రోకు 3. ఒకదాని పొడవు మరొకదాని వెడల్పు అయింది. వెడల్పైన సిలిండరులో పెద్ద కవాటాలకు చోటుంటుంది. పొట్టి స్ట్రోకులో పిస్టను పరుగు తక్కువ: నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు ఫోర్డు పిస్టను సగటున నిమిషానికి 3,750 అడుగులు ప్రయాణించాలి, షెవర్లే పిస్టను 3,000 అడుగులే. పిస్టనునూ, దాని కడ్డీనీ తెంచటానికి చూచే బలాలు ఆ మేరకు తగ్గుతవి. 265 ఘనపు అంగుళాల ఈ ఇంజను సాధారణంగా 162 అశ్వశక్తులు, నాలుగు నోళ్ల కార్బురేటరుతో 180 ఇచ్చింది. హెమి 1951లో చూపిన అంకె అదే. కాని ఈ ఇంజను చిన్నది, తేలిక, చౌక. 1957లో 283 ఘనపు అంగుళాలకు పెంచి, ఇంధనాన్ని చిమ్మే పరికరం తగిలించగా 283 అశ్వశక్తులు వచ్చినవి. ఘనపు అంగుళానికి ఒక అశ్వశక్తి అన్న మాట ప్రకటనలకు బాగా అక్కరకు వచ్చింది.

ఇందులో యాదృచ్ఛికం కానిది ఒకటున్నది. ఆర్డన్ తల చేసిన డంటోవ్ 1953లో జనరల్ మోటార్సులో చేరాడు. ఆ డిసెంబరులోనే ఆయన తన అధికారులకు, యువకులను, హాట్ రాడ్ మనుషులను, షెవర్లేను గురించి ఒక లేఖ రాశాడు. ఈ వ్యసనపరుల పత్రికలు తెరిస్తే ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఫోర్డులే కనిపిస్తున్నవి; ఒకసారి ఫోర్డుకు అలవాటైనవాడు మరొకదానికి మారడు; మంచి ఇంజను చేసినంత మాత్రాన చాలదు, కామ్‌షాఫ్టులు, కవాటాలు, స్ప్రింగులు, పిస్టనులు ముందుగానే సిద్ధం చేసి వారి చేతికి అందించాలి, అన్నది అందులోని సారం. పదిహేడవ ఏట పాత కారు కొనేవాడే తరువాత కొత్త కారు కొంటాడని గ్రహించిన ఇంజనీరు ఆయన. షెవర్లే ఆ సలహాను పాటించింది. కొద్ది ఏళ్లలోనే ఫోర్డు చదునుతలకు ఉండిన విడిభాగాల లోకమంతా ఈ చిన్న దిమ్మ చుట్టూ చేరింది.

ఐతే మంచి ఇంజనును ఎంచుకొన్నంత మాత్రాన పని ముగియలేదు. అసలు తగాదా కామ్‌షాఫ్టు దగ్గర వస్తుంది. చాలమంది ప్రాజెక్టు కార్లు పాడయ్యేది ఇక్కడే. నిమిషానికి 6,000 చుట్లంటే ఒక చుట్టుకు సెకనులో నూరవవంతు. గాలిని లోపలికి పీల్చే అర చుట్టుకు దక్కేది సెకనులో రెండువందలవవంతు. ఇంత కొద్దికాలంలో సిలిండరు నిండాలంటే కవాటాన్ని ముందుగా తెరచి, ఆలస్యంగా మూయాలి. బయటికి పోయే కవాటం ఇంకా మూతపడకముందే లోపలికి వచ్చేది తెరుచుకొంటుంది. ఎక్కువ చుట్లలో ఇది మేలే. వేగంగా పోతున్న వాయువు తన జడత్వంవల్ల కొత్త గాలిని వెంట ఈడ్చుకొస్తుంది. కాని చౌరస్తాలో నిలిచి నిమిషానికి 700 చుట్లు తిరిగేటప్పుడు ఆ వాయువుకు ఆ ఊపు లేదు. కాలిన పొగ వెనుదిరిగి కొత్త మిశ్రమంలో కలుస్తుంది. ఇంజను దగ్గుతుంది, వణుకుతుంది, ఆరిపోతుంది. బండలాగుడు పందేనికి మేపిన గిత్తలజతను రోజూ సంతకు పోయే బండికి కట్టాలని ఏ రైతూ అనుకోడు. ఈ కారు కట్టేవాడు మాత్రం సరిగ్గా అదే కోరుకొంటున్నాడు. (విద్యుత్ మోటారుకు ఈ చిక్కు లేదు, సున్న వేగంనుంచే పూర్తి బలమిస్తుంది. 2021లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్ చప్పుడు లేకుండా, పది సెకన్లలోపే పావుమైలు దాటింది. కాని దానిని కొట్టంలో విప్పి కట్టుకునే సరదా వేరే సంగతి.)

అశ్వశక్తి అంకె మోసం చేసేది కూడ ఇక్కడే. శక్తి అంటే త్రిప్పుబలాన్ని, అనగా టార్కును, చుట్లతో గుణించినది. అమెరికా కొలతలలో 300 పౌను-అడుగుల టార్కు నిమిషానికి 5,252 చుట్లలో 300 అశ్వశక్తులవుతుంది. అందులో సగం చుట్లలో 150 మాత్రమే. వీధిలో నడిచే కారు ఇంజను తన జీవితంలో చాలభాగం 1,500, 3,000 చుట్ల మధ్య గడుపుతుంది. 6,500 చుట్లలో 400 అశ్వశక్తులిచ్చి, 2,500 చుట్లలో చేతులెత్తేసే ఇంజను కాగితంమీద గొప్పది. దానిని ఎక్కువ చుట్లలో ఉంచాలంటే వెనుక ఇరుసులోని గేరు నిష్పత్తి మార్చాలి. 26 అంగుళాల చక్రం గంటకు 60 మైళ్ల వేగంలో నిమిషానికి సుమారు 775 సార్లు తిరుగుతుంది. ఇరుసు నిష్పత్తి 3.08 ఐతే ఇంజను సుమారు 2,400 చుట్లు తిరగాలి, 4.11 ఐతే సుమారు 3,200. పందెంలో రెండవది మేలు. దూరప్రయాణంలో అది చెవులకు, పెట్రోలు టాంకుకు శిక్ష. కనుక తెలిసిన మెకానిక్కు మొదట అడిగేది ఎన్ని అశ్వశక్తులు కావాలని కాదు, కారు బరువెంత, ఇరుసు నిష్పత్తి ఎంత, రోజూ నడుపుతావా అని. కామ్‌షాఫ్టును అందరూ తమకు కావలసినదానికంటె ఒక మెట్టు పెద్దదిగానే కొంటారనీ, ఒక మెట్టు చిన్నదే సరిపోతుందనీ ఆ వృత్తిలో పాతమాట.

1960లలో మరొక మార్గం ఆకర్షించింది. గట్టిగా ఊపిరి పీల్చవలసిన అవసరం లేకుండా ఇంజనునే పెద్దది చేస్తే? 1965లో షెవర్లే 396 ఘనపు అంగుళాల పెద్ద దిమ్మను దించింది. 1970 నాటికి అది 454 అయింది. పెద్ద ఇంజను తక్కువ చుట్లలోనే మంచి టార్కునిస్తుంది, వీధిలో సాధువుగా నడుస్తుంది. కాని చిన్న దిమ్మకంటె నూరు పౌనులకు పైగా బరువు, అదంతా ముందుచక్రాలమీద. పెట్రోలు సంగతి సరేసరి. ఇంతలో కాలం మారింది. 1970 నాటి పరిశుభ్ర వాయు చట్టం, 1973 చమురు సంక్షోభం, 1975 మాడళ్లనుండి సీసం లేని పెట్రోలు ఒకదానివెంట ఒకటి వచ్చినవి. 1972నుంచి అశ్వశక్తిని పంకా, పొగగొట్టం వగైరాలన్నీ తగిలించి కొలవటం మొదలుకావటంతో అంతకుముందు ప్రకటించిన అంకెలలో ఎంత గాలి ఉన్నదో కూడ బయటపడింది. తరువాత పదేళ్ల కొత్త ఇంజనులను పందెగాళ్లు కన్నెత్తి చూడలేదు. 1967నుంచి దొరికే 350 ఘనపు అంగుళాల చిన్న దిమ్మ మాత్రం లక్షల కార్లలో, లారీలలో ఉన్నది కనుక తుక్కు ధరకు దొరికేది. పాతవారు దానితోనే కాలం గడిపారు.

మూడవ మార్పు 1997లో కార్వెట్ కారులో వచ్చిన ఎల్‌ఎస్1 ఇంజను. అల్యూమినియం దిమ్మ, 346 ఘనపు అంగుళాలు, కొత్త పద్ధతిలో కొలిచిన 345 అశ్వశక్తులు. కవాటాలు ఇంకా కడ్డీలతోనే నడుస్తున్నవి. ఒక్కొక్క తలమీద రెండేసి కామ్‌షాఫ్టులున్న ఇంజనులు అప్పటికే ఉన్నవి, అవి ఎక్కువ చుట్లు తిరగగలవు. ఐనా ఈ పాతకాలపు ఏర్పాటుకు ఒక సుగుణమున్నది: ఇంజను తలలు చిన్నవి, మొత్తం వెడల్పు తక్కువ. పాత కారు బోనెటు క్రింద ఇది పడుతుంది, అవి పట్టవు. ఇంధనాన్ని, మంటను కంప్యూటరు నడపటంవల్ల చౌరస్తాకూ మైదానానికీ మధ్య తగాదా పూర్తిగా తీరకపోయినా చాలవరకు మెత్తబడింది. చిన్న దిమ్మ వంశంలో నూరు మిలియనవ ఇంజను, అనగా పదికోట్లవది, 2011 నవంబరులో తయారైంది.

కాని ప్రాజెక్టు కార్లవారు ఎక్కువగా వెదికేది కార్వెట్ ఇంజనుకోసం కాదు. 1999 మాడలునుండి అదే వంశపు ఇనుపదిమ్మ ఇంజనులు 4.8, 5.3, 6 లీటర్ల పరిమాణాలలో సరుకుల పికప్ లారీలకు వేశారు. వాటి యజమానులు వాటిని ఇటుకలు మోయటానికి, పడవబండ్లు లాగటానికి వాడి, చివరకు తుక్కు దుకాణానికి పంపారు. 5.3 లీటర్ల ఇంజను అక్కడ అల్యూమినియందానికంటె ఎంతో చవకకు దొరుకుతుంది. దిమ్మ కొంత బరువైనా, మందపాటి ఇనుముతో టర్బోచార్జరు ఒత్తిడిని బాగానే తట్టుకొంటుంది. ఈ వంశంలో సిలిండరు కేంద్రాలమధ్య దూరం 1955లో కోల్ బృందం నిర్ణయించిన 4.4 అంగుళాలే. గేరుపెట్టెను ఇంజనుకు బిగించే మరల తూట్లు కూడ చాలవరకు పాత స్థానాలలోనే ఉన్నవి. క్రాంకుషాఫ్టు చివర మాత్రం 0.4 అంగుళం ముందుకు, ఇంజనువైపుకు, జరిగింది. ఆ ఖాళీలో ఒక పలక వేస్తే తాతలనాటి షెవర్లే గేరుపెట్టె నేటి లారీ ఇంజనుకు తగులుతుంది.